ఆరు మీటర్ల దగ్గర పద్దెనిమిది నిమిషాలు

ముప్పై ఒకటో నంబరు గాలి సిలిండర్‌ని గణపతి బుధవారం సాయంత్రం రెండు వందల బార్ ఒత్తిడికి నింపి, గోడ వారగా నిలబెట్టి, గొలుసు వేశాడు. గురువారం పొద్దున గేజ్ బిగించి చూస్తే ముల్లు నూట ఇరవై ఏడు దగ్గర ఉంది.

లీకేమో అనుకోవడానికి లేదు. వాల్వ్ చుట్టూ సబ్బునీళ్ళు పూశాడు. ఒక్క బుడగ రాలేదు. నీళ్ళ తొట్టిలో ముంచి అరగంట పక్కనే కూర్చున్నాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మళ్ళీ నింపాడు. ఈ నెలలో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ముల్లు అక్కడికే వచ్చి ఆగింది, నూట ఇరవై ఏడుకి. ఎంత చెడ్డ లీకయినా రోజూ ఒకే లెక్క ప్రకారం కారదు కదా.

ఆ సిలిండర్ తబ్రేజ్‌ది. తబ్రేజ్ పోయి పదకొండు నెలలయింది.

గణపతిది మెట్‌పల్లి దగ్గర ఊరు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అతనే. బీఎస్సీ, లెక్కలు. ఆ డిగ్రీ పట్టుకుని ఒమాన్ వచ్చి, రుసైల్‌లో ఒక గోడౌన్‌లో మూడేళ్ళు టైల్స్ పెట్టెలు మోశాడు. పక్క మంచం మీద ఉండేవాడు తబ్రేజ్, కోరుట్ల పిల్లగాడు. వాళ్ళ పెద్దమ్మ కొడుకు ఫర్హాన్ మస్కట్‌లో సముద్రంలోకి మనుషుల్ని దించే డైవింగ్ కంపెనీలో హెడ్డు. తబ్రేజ్ ముందు తను చేరాడు. ఆర్నెల్లు తిరక్కుండా గణపతిని పిలిపించుకున్నాడు. "లెక్కలొచ్చినోడివి నువ్వు పెట్టెలు మోసుడేందన్నా, వచ్చి మా ఊపిరి లెక్కలు చూడరాదు!" అన్నాడు.

అలా గణపతి పని ఊపిరి లెక్కలయింది. కంప్రెసర్ రూమ్‌లో సిలిండర్లు నింపాలి. రిజిస్టర్ రాయాలి. లోతుకు వెళ్ళేవాళ్ళకి ప్లాన్ కాగితం వెయ్యాలి. కొన్నాళ్ళకి ఫర్హానే దగ్గరుండి డైవింగ్ కూడా నేర్పించాడు.

ఆ ప్లాన్ ఏమిటో తెలియని వాళ్ళకి గణపతి ఇలా చెప్పేవాడు. ఒక మనిషి ఒడ్డున నిమిషానికి ఇరవై లీటర్ల గాలి పీల్చాడనుకోండి. పది మీటర్ల లోతులో అదే రొమ్ము నిండడానికి నలభై కావాలి. ఇరవై మీటర్లలో అరవై. యాభై రెండు మీటర్లకి పోతే ఆరింతల పైమాటే. కాబట్టి ముందు ఎవడి ఊపిరి ఎంతో తెలియాలి. అది తెలిస్తే అడుగున ఎన్ని నిమిషాలుండొచ్చో, ఇద్దరిలో ఒకడి గాలి అయిపోతే రెండోవాడి గాలితో ఇద్దరూ పైకి రావడానికి ఎంత దాచిపెట్టాలో తేలుతుంది. ఆ దాచినదాన్ని ముట్టుకోకూడదు. ఇక రెండో సంగతి, పైకి రావడం. లోతులో పీల్చిన గాలి ఒంట్లో నెత్తురులో కరిగి ఉంటుంది. గోలీసోడా గోలీని ఒక్కసారి నొక్కితే ఏమవుతుంది? బుస్సుమంటుంది. నెత్తురు అలా బుస్సుమంటే మనిషి ఉండడు. అందుకని దారిలో ఆగాలి. పన్నెండు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు, తొమ్మిది దగ్గర అయిదు, ఆరు మీటర్ల దగ్గర పద్దెనిమిది. తాడు పట్టుకుని, చంకకి వేలాడే ఇంకో సిలిండర్‌లోంచి పీలుస్తూ ఊరికే ఉండాలి. పైన బోటు అడుగు కనిపిస్తూనే ఉంటుంది. అయినా పోకూడదు.

ముప్పై ఒకటి తబ్రేజ్ చంకకి వేలాడిన సిలిండర్. ఆగడానికి ఇచ్చింది. అతను ఆగలేదు. వాల్వ్ కూడా విప్పలేదు. విచారణ అయ్యాక నిండుగా, ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది.

మొదటిసారి ముల్లు పడిపోయినప్పుడు గణపతికి చెయ్యి ఊరుకోలేదు. కాగితం తీసి ఆ మూడు స్టాపుల గాలి ఎంతో లెక్క వేశాడు. తబ్రేజ్ ఊపిరి అంకె ప్లాన్ కాగితంలో నిమిషానికి పధ్నాలుగు లీటర్లు. పధ్నాలుగుతో వేస్తే గేజ్ నూట నలభై మూడు చూపాలి. కలవలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఒక నిమిషం అలాగే కూర్చుని, అప్పుడు ఎవరికీ చెప్పని అంకెతో వేశాడు. తాడు పట్టుకుని ఊరికే ఉన్నప్పుడు తబ్రేజ్ నిజంగా పీల్చే అంకె, పద్దెనిమిది. నూట ఇరవై ఏడు వచ్చింది.

ఆ అంకె తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు గణపతి. రెండోవాడు పోయాడు.

ఎవరికీ చెప్పని అంకె ఎందుకుంది అంటే, దానికి ఆ బోటు మీది ఒక అలవాటు గురించి చెప్పాలి. మత్రా బజారులో ఎప్పుడో కొన్న ఒంటె గంట ఒకటి బోటులో ఉండేది. డైవ్ నుంచి పైకొచ్చాక ఒక్కొక్కరూ తమ గేజ్‌లో ఎంత మిగిలిందో అరిచి చెప్పాలి. అందరికన్నా తక్కువ మిగిల్చినవాడు ఒంటె. ఒడ్డు చేరేదాకా మెడలో ఆ గంట వేసుకుని, అందరికీ చాయ్ పోయాలి. తక్కువ గాలితో బతికేవాడు మొగాడు, ఎక్కువ తాగేవాడు ఒంటె. ఇంకొకడి గేజ్‌లోకి తొంగి చూడటం మర్యాద కాదు. చెప్పిన మాటే మాట.

తబ్రేజ్ వరసగా నాలుగు శుక్రవారాలు ఒంటె అయ్యాడు. అయిదో శుక్రవారం నుంచి కాలేదు. అందరూ మెచ్చుకున్నారు, పోరడు నేర్చుకున్నాడని. కానీ సిలిండర్లు తిరిగి నింపేది గణపతి. తొంభై మిగిలిందని అరిచినవాడి సిలిండర్ నలభై నుంచి నిండుతుంటే కంప్రెసర్ ముందు నిలబడ్డవాడికి తెలియదా?

"ఏందిరా ఇది?" అని అడిగాడు అప్పుడు.

తబ్రేజ్ నవ్వుతూనే రెండు చేతులూ జోడించాడు. "గణపతన్నా, చెప్పకే. ఆ గంట ఏసుకుని ఒడ్డు మీద దిగుతుంటే గోరీ మేమ్‌సాబులందరూ ఫొటోలు తీస్తున్నరు. ఫర్హాన్ భాయ్‌కి తెలిస్తే లోతుకు తీస్కపోడు. నువ్ రిజిస్టర్ల గా తొంభైయే రాయి. నేర్చుకుంట, నీ మీదొట్టు."

రుసైల్ నుంచి తనని తీసుకొచ్చినవాడు. గణపతి తొంభై అనే రాశాడు. ఆ వారం, ఆ తర్వాతి వారం కూడా. రెండు నెలలకి, ఖురియాత్ తీరం అవతల మునిగిన సరుకుల బార్జ్ దగ్గరికి ప్లాన్ వెయ్యమని ఫర్హాన్ చెప్పినప్పుడు, రిజిస్టర్‌లో ఉన్న లెక్కే తీసి పధ్నాలుగు అని వేశాడు. పనిచేసేటప్పుడు తబ్రేజ్ నిజం అంకె ఇరవై నాలుగు.

ఆ రోజు నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. అడుగున పాత వల ఒకటి తబ్రేజ్ కాలికి చుట్టుకుంది. ముందు పోతున్న ఫర్హాన్ వెనక్కి తిరిగి, అతని టార్చ్ వెలుగు కనబడక వెతుక్కుంటూ వచ్చి, వల కోశాడు. అప్పటికే తబ్రేజ్ గేజ్ సున్నా. తన గాలి ఇవ్వబోతే తబ్రేజ్ అందుకోలేదు. భయంతో చెయ్యి విదిలించుకుని యాభై రెండు మీటర్లు ఒక్క ఊపున పైకి పోయాడు. బోటు మీదికి లాగింది గణపతే. తబ్రేజ్ మాట్లాడాడు కూడా. "కాళ్ళేవన్నా?" అని అడిగాడు. కాళ్ళు ఉన్నాయి, అతనికి తెలియడం లేదు.

కింద ఫర్హాన్ తాడు పట్టుకుని ఆగాడు. ఆగి తీరాలి. పైకొస్తే అతనూ పోతాడు. ఆ ఇరవై ఆరు నిమిషాలే ఆ తర్వాత అతని మెడకి చుట్టుకున్నాయి. మస్కట్‌లో మనవాళ్ళుండే రువీ రూముల్లో అన్నారు, కోరుట్లలో అన్నారు: తమ్ముడు పైన చస్తుంటే అన్న కింద తాడు పట్టుకుని కూర్చున్నాడట! తబ్రేజ్ తల్లి చాంద్ బీ ఒక్కసారే ఫోన్ ఎత్తింది. "నీళ్ళల్ల ఏం చేస్తుంటివి బేటా అంతసేపు?" అని అడిగింది. ఫర్హాన్ చెప్పలేకపోయాడు. తర్వాత ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తదు. విచారణలో కాగితాలు చూశారు. ప్లాన్ సరిగ్గానే ఉందన్నారు. పధ్నాలుగుకి అడుగున ఇరవై అయిదు నిమిషాలు న్యాయమే. మరి గాలి ఎందుకయిపోయింది? తోడు దిగినవాడు కనిపెట్టి ఉండకపోవడం వల్ల. అందరూ అలాగే అనుకున్నారు. ఫర్హాన్ కూడా అలాగే అనుకున్నాడు.

గణపతి నోరు విప్పలేదు. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పదకొండు నెలలు గడిచాయి.

*

ఇప్పుడు మళ్ళీ ఆ బార్జ్ దగ్గరికే పోవాల్సి వచ్చింది. బౌషర్‌లో ఉండే ప్రణయ్ అనే కాకినాడ ఇంజనీరు దీనికి కారణం. ముప్పై ఏళ్ళుంటాయి. మంచివాడు, కొత్త సామాను, మాట దూకుడు. మూడు నెలల్నుంచి తయారవుతున్నాడు. యాభై మీటర్లు చూడకుండా ఒమాన్ వదిలేది లేదంటాడు. కంపెనీ ఒప్పుకుంది. ఫర్హాన్ కూడా ఒప్పుకున్నాడు, ఎందుకో మరి. ఆ బార్జ్‌ని ఇంకొకసారి చూస్తే గానీ నిద్ర పట్టదనుకున్నాడేమో.

రెండు వారాల కింద ముగ్గురూ కలిసి ముప్పై మీటర్లకి అభ్యాసంగా దిగారు. పైకొస్తూ ఆరు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఆగారు. నీళ్ళు నీలంగా, ఎండ దిగుతూ, చాలా బాగుంది. పైన ఫర్హాన్, నడుమ ప్రణయ్, కింద గణపతి. గణపతి ఊరికే బుడగలు చూస్తున్నాడు. ఫర్హాన్‌వి నిదానంగా, ముత్యాల్లా పోతున్నాయి. ప్రణయ్‌వి గుప్పుగుప్పున పోతున్నాయి. తనవి ముఖం పక్కనుంచి పోతున్నాయి. తాడుకి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నాలుగో వరస పోతోంది.

కిందనుంచి రావడం లేదు అవి. అక్కడే, ఏమీ లేని చోట పుట్టి పైకి పోతున్నాయి. ఒక గుప్పు. ఆగి, ఇంకో గుప్పు. మనిషి ఊపిరికి ఎంత ఎడం ఉంటుందో అంత ఎడం. గణపతి ప్రణయ్ వైపు చూశాడు. ప్రణయ్ తన వాచీ చూసుకుంటున్నాడు. ఫర్హాన్ మాత్రం అటే చూస్తున్నాడు. చూసి, కళ్ళు మూసుకున్నాడు.

బోటెక్కాక గేజ్‌లు చూసి అరవడం మొదలయింది.

"నూట యాభై!" అని అరిచాడు ప్రణయ్, గేజ్ చేత్తో పట్టుకుని. "ఏంటండీ గణపతి గారూ, మీకు నూట నలభయ్యేనా? గంట మీకేనండోయ్!"

గణపతి గంట వేసుకున్నాడు. చాయ్ పోశాడు. సాయంత్రం కంప్రెసర్ రూమ్‌లో ప్రణయ్ జంట సిలిండర్లు బిగించి చూస్తే, గేజ్ సరిగ్గా వంద చూపించింది. లోతు, నిమిషాలు అన్నీ పెట్టి లెక్క వేశాడు. ప్రణయ్ చెప్పుకుంటున్న అంకె పదమూడు కాదు. ఇరవై నాలుగు.

మళ్ళీ వేశాడు. ఇరవై నాలుగే.

అప్పుడు వెనకాల, ఏ సిలిండర్‌కీ తగిలించకుండా మేకుకి వేలాడుతున్న, నోట్లో పెట్టుకుని పీల్చే రెగ్యులేటర్‌లోంచి ఒక ఊపిరి వినబడింది. లోపలికి పీల్చినప్పటి సన్నటి ఈల. తర్వాత వదిలిన చప్పుడు. ఇంకా వెలుగుంది, బయట ఎవడో లారీ వెనక్కి తీస్తుంటే ఆ కూత కూడా వినబడుతోంది. గణపతి తిరిగి చూడలేదు. "విన్నరా, విన్న," అన్నాడు గోడ వైపే చూస్తూ. "చెప్తా."

కానీ ఎలా చెప్పడం? ప్రణయ్ అబద్ధమాడుతున్నాడని చెబితే, నీకెలా తెలుసని ఫర్హాన్ అడుగుతాడు. నింపేటప్పుడు తెలుస్తుందని చెప్పాలి. ఫర్హాన్ తెలివైనవాడు. మరి తబ్రేజ్‌ది తెలియలేదా అని ఆ వెంటనే అడుగుతాడు. చెప్పకపోతేనో? ప్రణయ్ యాభై రెండు మీటర్ల అడుగున ఉంటాడు, చేతిలో తబ్రేజ్ కాగితమే పట్టుకుని.

చదువుకున్న పిరికివాళ్ళకి ఎప్పుడూ ఒక నడిమి దారి దొరుకుతుంది. గణపతికీ దొరికింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా నిజం అంకెతో ప్లాన్ వేశాడు. దాచిన గాలి పోను, అడుగున పదహారు నిమిషాలు. పైన ప్రణయ్ పేరు పక్కన పదమూడు అనే ఉంచాడు. ఎవరు కూడబోతారులే అనుకున్నాడు. గురువారం సాయంత్రం ఆ కాగితం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, సామాను సర్దాడు. ముప్పై ఒకటిని చివరిసారి చూశాడు. పొద్దున్నే నింపింది మళ్ళీ నూట ఇరవై ఏడు. దాన్ని ముట్టుకోకుండా తలుపు వేశాడు.

*

శుక్రవారం పొద్దున బోటు ఖురియాత్ దాటి ఆగింది. లంగరు పడింది. బార్జ్ మీదికి తాడు దిగింది. ఒడ్డున కొండలు ఎండకి తెల్లబడుతున్నాయి. కెప్టెన్ ముందుభాగంలో ఖర్జూరాలు తింటున్నాడు. ప్రణయ్ డైవింగ్ సూట్ నడుము దాకా వేసుకుని, కాళ్ళాడిస్తూ కూర్చున్నాడు. ఫర్హాన్ కాగితం తెరిచాడు.

"పదహారా?" అన్నాడు. "గణపతి, ఇదేంది? పదహారు ఎట్లొచ్చింది?"

"నీళ్ళు పచ్చగున్నయి భాయ్. జర తక్కువుంటేనే మంచిదని."

"నీళ్ళు నిన్ననే చూసినవా రూమ్‌ల కూసోని?"

ప్రణయ్ నవ్వాడు. "ఏవండీ, పదహారు నిమిషాల కోసం నేను మూణ్ణెల్లు ఈతలు కొట్టానా? నా అంకె పదమూడండీ బాబూ. ఇరవై అయిదు హాయిగా ఉండొచ్చు. నేనూ లెక్క కట్టుకున్నాలెండి."

ఫర్హాన్ పెన్సిల్ తీశాడు. పదమూడుని ఆరు పాయింట్ రెండుతో గుణించాడు. దాచాల్సింది తీసేశాడు. అతని పెదాలు కదలడం గణపతి చూస్తున్నాడు. చివరికి పదహారు కొట్టేసి, పైన ఇరవై అయిదు అని రాశాడు.

"ఇర్వై ఐదే," అన్నాడు. "అయినా నేను పక్కనే ఉంట. ఈసారి అడుగు దూరం పోను."

ఆ 'ఈసారి' అన్న మాట ఫర్హాన్ మెల్లగా అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.  ప్రణయ్ జంట సిలిండర్లు వీపుకి ఎక్కించుకుంటున్నాడు. పట్టీలు బిగిస్తున్నాడు. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని రెండు ఊపిరులు పీల్చాడు, పని చేస్తోందో లేదో చూసుకోవడానికి. అదే ఈల. అదే ఎడం.

"భాయ్, ఆగున్రి," అన్నాడు గణపతి.

"ఏందిరా మళ్ళ?"

"ఆ సార్ అంకె పదమూడు కాదు."

ప్రణయ్ రెగ్యులేటర్ తీసేశాడు. "అంటే? నేను అబద్ధం చెప్పానంటారా?"

"నూట యాభై అన్నరు సార్ ఆ రోజు. నేను వంద నుంచి నింపిన. మీది ఇర్వై నాలుగు."

"గేజ్ తప్పు చూపించుంటుంది మీ రూమ్‌లో. బోల్డంత పాత సామాను మీది!"

"గేజ్ తప్పు కాదు సార్. రెండు గేజ్‌లు పెట్టి చూసిన."

"చూడండి గణపతి గారూ, ఒక గంట మెడలో వేసుకున్నారని ఇంత కోపమా? ఇదిగో, కావాలంటే ఇవాళ నేనే వేసుకుంటాను..." అంటూ ప్రణయ్ ఫర్హాన్ వైపు చూసి ఆగిపోయాడు.

ఫర్హాన్ అతన్ని చూడటం లేదు. పెన్సిల్ అలాగే పట్టుకుని గణపతిని చూస్తున్నాడు. కెప్టెన్ నమలడం ఆపాడు. బోటు కింద అల పెళ్ళున తగిలి తప్పుకుంది.

"నింపేటప్పుడు తెలుస్తదా నీకు?" అన్నాడు ఫర్హాన్.

"తెలుస్తది భాయ్."

"అందరిదీ?"

"అందరిదీ."

ఫర్హాన్ పెన్సిల్ కాగితం మీద పెట్టాడు. తర్వాత, ఎంతో మామూలు గొంతుతో, చాయ్‌లో చక్కెర ఎంత అని అడిగినట్టు అడిగాడు. "తబ్రేజ్‌ది ఎంత?"

ఎవరో నెత్తి మీద చెయ్యి పెట్టి నీళ్ళలోకి ముంచుతున్నట్టుంది గణపతికి.  అయినా చెప్పాడు.

"ఇర్వై నాలుగు."

"నాకు పధ్నాలుగని రాసిచ్చినవ్."

"వాడు చెప్పకన్నడు భాయ్. గంట ఎయ్యొద్దని. మీరు తీస్కపోరని. నేర్చుకుంటనన్నడు. నేను రిజిస్టర్ల వాడు చెప్పిందే రాసిన. గా రాసిందే తీసి ప్లాన్ల ఏసిన." ఇంక ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. "మీరు దూరం పోవుడు కాదు భాయ్. మీరు అడుగున కూసోని ఉండుడు కాదు. అంకె తప్పు. తప్పని నాకు తెలుసు. ఇన్ని రోజులు మీ మీద పడుతుంటే చూసుకుంట ఉన్న."

ఫర్హాన్ కొడతాడేమో అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఫర్హాన్ కాగితం తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు మోకాలి మీద పెట్టుకుని లెక్క మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు. ఆరు పాయింట్ రెండు. ఇద్దరు పైకి రావడానికి దాచాల్సింది. దిగడానికి అయ్యేది. రెండుచోట్ల తప్పుపోయి కొట్టేశాడు.  గణపతి సాయం చెయ్యబోయి, చెయ్యలేదు. చివరికి వచ్చిన అంకె చుట్టూ ఫర్హాన్ గుండ్రంగా గీత గీశాడు. గీస్తూనే ఉన్నాడు, కాగితం చిరిగేదాకా.

పదహారు.

"పదహారుకే తిప్పుకొస్తుంటి వాన్ని," అన్నాడు. "వల కాడికి పోకముందే. అల్లా... వల కాడికి పోనే పోకపోతుంటిమి."

ప్రణయ్ ఒక్కొక్క పట్టీ ఊడదీసుకున్నాడు. సిలిండర్లు పక్కన దించాడు. అతని ముఖంలో రక్తం లేదు. "ఫర్హాన్ గారూ," అన్నాడు, "నాకు... నాకు నిజంగా వందే మిగిలిందండి ఆ రోజు. అందరూ చూస్తున్నారని..." అని తువ్వాలు కప్పుకున్నాడు.

"లంగర్ తీయ్," అని కెప్టెన్‌కి అరబ్బీలో చెప్పాడు ఫర్హాన్. డైవ్ లేదు.

తాడు పైకి లాగింది గణపతే. అలవాటుగా లాగుతున్నాడు, బారకొక బార. ఆరు మీటర్ల దగ్గర కట్టిన ఎర్ర గుడ్డ నీళ్ళలోంచి పైకి రాబోతుంటే తాడు బరువెక్కింది. ఎక్కడా చిక్కుకోలేదు. బరువు, అంతే. కింద ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు. గణపతి లాగలేదు. వదల్లేదు కూడా. అరచేతుల్లో తాడు సన్నగా అదురుతోంది. ఫర్హాన్ వచ్చి పక్కన నిలబడి, తనూ తాడు మీద చెయ్యి వేశాడు. ఎంతసేపు ఉన్నారో ఇద్దరిలో ఎవరూ గడియారం చూడలేదు. కెప్టెన్ ఇంజను వెయ్యలేదు. ఎండ నెత్తి మీదికి జరిగింది. అప్పుడు తాడు తేలికయింది. గుడ్డ పైకొచ్చింది, నీళ్ళు కారుతూ.

*

ఒడ్డు చేరేసరికి జుమా నమాజు వేళ దాటిపోయింది. ప్రణయ్ కారు దాకా నడిచి, తిరిగొచ్చి, గణపతి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఫర్హాన్ జెట్టీ మీద చెప్పులు విడిచి, నీళ్ళ కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"కంపెనీకి నేను చెప్త భాయ్," అన్నాడు గణపతి. "రిజిస్టర్ తీస్కపోయి చూపెడ్త. పంపిస్తే పోత. మళ్ళ విచారణంటే దానికీ వస్త."

"కంపెనీకి చెప్పు. అది నీ ఇష్టం." ఫర్హాన్ ముఖం తుడుచుకోలేదు. "నేను నిన్ను మాఫ్ చేసిన్నో లేదో నాకే తెల్వదు గణపతీ. ఇయ్యాల అడగకు. రేపు కూడ అడగకు."

"అడగను."

"వాడు నా కళ్ళ ముంగట చెయ్యి విదిలించుకున్నడు ఎర్కేనా? నా చేతిల గాలి ఉంది. ఇస్తున్న. తీస్కోలే. పదకొండు నెలలు నేను అనుకున్న, నా మీద నమ్మకం లేకనే తీస్కోలేదని." కొంచెం ఆగాడు. "చాంద్ ఖాలాకి నువ్వే చెప్పాలె. నా ఫోన్ ఎత్తదు. నీది ఎత్తుతది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపైతే నువ్వు చెప్పవ్. నాకెర్క నువ్వు."

గణపతి జెట్టీ అంచున కూర్చున్నాడు. ఫోన్ తీశాడు. తబ్రేజ్ ఉన్నప్పుడు పండగలకి ఆమెతో మాట్లాడేవాడు. మెట్‌పల్లి పిల్లగాడని ముద్దుగా పిలిచేది. నంబరు ఇంకా ఉంది. రింగ్ అవుతుంటే ఫర్హాన్ నాలుగడుగుల దూరం పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎవరు బేటా?"

"అమ్మా, నేను. గణపతిని."

"గణపతా! మంచిగున్నవా? ఇన్ని రోజులకి యాదికొచ్చిన్నా?"

"అమ్మా, నేను ఒకటి చెప్పాలె. నడుమ ఆపకుండ్రి. ఆపితే చెప్పలేను."

చెప్పాడు. గంట గురించి, తొంభై గురించి, తను రాసిన రిజిస్టర్ గురించి. గోలీసోడా గురించి కూడా చెప్పాడు. ఫర్హాన్ కింద ఎందుకు ఆగాల్సి వచ్చిందో, ఆగకపోతే ఆమెకి ఒకే రోజు రెండు వార్తలు ఎలా వచ్చి ఉండేవో చెప్పాడు.  చెప్పడం అయిపోయాక అటు ఎక్కడో కుక్కర్ కూత వినబడింది. ఎవరో పిల్ల, మనవరాలేమో, "నానీ" అని పిలిచింది.

"నీకు ముందే తెలుసు," అంది చాంద్ బీ చివరికి. అడగలేదు, అంది.

"తెలుసమ్మా."

"నా కొడుకు నిన్ను అన్నా అనెటోడు."

"అవునమ్మా."

 ఆమె ఊపిరి వినబడుతోంది, తెగుతూ, కలుస్తూ. ఎన్నేళ్ళ అలవాటో, గణపతి దాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు దాకా వచ్చి, సిగ్గుపడి మానేశాడు.

"ఫర్హాన్ ఆడనే ఉన్నడా?" అంది.

"ఉన్నడమ్మా."

"ఇయ్యి."

గణపతి లేచాడు.  నాలుగడుగులు నడిచి, అటు తిరిగి నిలబడ్డ మనిషి భుజం తట్టి, ఫోన్ చేతిలో పెట్టాడు. అక్కడ ఉండకుండా, వాడకుండానే తిరిగొచ్చిన సిలిండర్లు రెండు ఎత్తుకుని కంప్రెసర్ రూమ్ వైపు నడిచాడు.